చమురు కడవ, సాక్షి మెట్టె

రోజు 4,118. పోటుకి 19 రోజులు.

బొగ్గు 150 కిలోలు. కడవ వేడి 240 డిగ్రీలు. చమురు 58 లీటర్లు. నిన్న 61.

మూడు లీటర్లు తగ్గడం కొత్త కాదు. వాన పడిన మర్నాడు బొగ్గు చెమ్మగా ఉంటుంది. పొయ్యి ఆ చెమ్మని ఆరబెట్టుకున్నాకే అసలు పని మొదలుపెడుతుంది.

తొట్టెలో నిల్వ 204. రోజువారీ ఖర్చు 44: నీరు తోడే పంపుకి 24, పడవలకి 10, నా వాయువుని కుదించే యంత్రానికి 10. ఆషాఢ అమావాస్యకి సముద్రపు పోటు వచ్చిందంటే మూడు రోజులు పంపు ఆగకుండా తిరగాలి. గంటకి ఆరు లీటర్ల చొప్పున 432. ఇలాగే నడిస్తే ఆ రోజుకి నిల్వ ఐదువందలకి చేరువలో ఉంటుంది. భయం లేదు.

రోజు 4,119. 18 రోజులు.

బొగ్గు 150. వేడి 240. చమురు 57.

బొగ్గు ఆరబెట్టించాను. అయినా పెరగలేదు.

మా ఊరి పేరు ఎనిమిదో గట్టు. సముద్రం మా నేల కంటే నిలువెత్తు మనిషంత పైన ఉంటుంది. చుట్టూ గట్టు, మధ్యలో రెండు వందల పన్నెండు ఇళ్ళు, వరి, అరటి, సరుగుడు తోట. గట్టు కింద నుంచి ఊరే నీటిని రోజూ తోడి పారబొయ్యాలి. పాత సూర్యపలకలు ఉప్పుగాలికి తెల్లబడి ఇప్పుడు కోళ్ళగూళ్ళకి కప్పులయ్యాయి. చమురు ఓడలు నా చిన్నప్పుడే ఆగిపోయాయి. అందుకని చమురు మేమే చేసుకుంటాం.

పద్ధతి పెద్దదేం కాదు. ఎర్రగా కాలిన సరుగుడు బొగ్గు మీదికి ఆవిరి వదిలితే రెండు వాయువులు పుడతాయి. ఒకటి మనిషిని చంపేది, ఒకటి పేలేది. ఆ రెండిటినీ కుదించి, వేడి మీద ఉన్న ఇనుప గుళికల మధ్య నుంచి పంపితే చమురు చుక్కలవుతాయి. గుళికలు నింపిన నలభై ఎనిమిది గొట్టాలుండే పెద్ద ఇనుప పాత్రని మా ఊళ్ళో కడవ అంటారు. బొగ్గు కాలేదాన్ని పొయ్యి అంటారు. సగం పేజీలు ఊడిపోయిన ఒక పాత పుస్తకం చూసి నేర్చుకున్నాను. నాలుగుసార్లు పోయింది. అయిదోసారి పట్టింది. ఆ రోజు నుంచి ఈ లెక్క రాస్తున్నాను. జరిగినవే రాస్తాను, అనుకున్నవి రాయను.

రోజు 4,120. 17 రోజులు.

చమురు 55. అతుకులన్నిటికీ సబ్బు నురగ పూసి చూశాను. ఎక్కడా బుడగ రాలేదు.

పంపు నడిపే ఏసుపాదం వచ్చి తొట్టెలో కొలకర్ర ముంచి చూసుకున్నాడు. వాడు నా అంకె నమ్మడని కాదు. వాళ్ళ నాన్న ఐదో గట్టు తెగిన రోజు అక్కడే పంపు మీద ఉన్నాడు. కొలకర్ర పెట్టకుండా వాడికి అన్నం సయించదు. ఏమైనా తేడా ఉందా అని అడిగాడు. చూస్తున్నానన్నాను.

రోజు 4,121. 16 రోజులు.

వేడి 243కి పెంచాను. చమురు 59.

ఇనుము అలిసిపోయినప్పుడు కొంచెం వేడి పెంచితే మళ్ళీ లేస్తుంది. గుళికలు వేసి పద్నాలుగు నెలలే అయింది. రెండేళ్ళు రావాలి. అయినా లేచింది కదా.

రోజు 4,122. 15 రోజులు.

వేడి 243. చమురు 58. నిల్వ 257.

ఊళ్ళో ఇప్పుడు జ్వరం లేదు. పోయిన నెలంతా ఇంటికొకరు పడుకున్నారు. మందుల కోసం రెండో గట్టుకి పడవ వెళ్ళి పదకొండు గంటల్లో తిరిగొచ్చింది. తెడ్లతో అయితే నాలుగు రోజులు. ఎవరూ పోలేదు. ఇవాళ గట్టు మీద నడుస్తుంటే ఎదురొచ్చిన వాళ్ళలో సగం మంది గుండ్లతో ఉన్నారు, ఆడవాళ్ళు కూడా. జ్వరం తగ్గాక జుట్టు ఊడుతుందని తీయించుకున్నారు కాబోలు.

రోజు 4,123. 14 రోజులు.

వేడి 246. చమురు 56.

మైనం తగ్గింది. రోజూ కడవ అడుగున రెండు డబ్బాల మైనం దిగేది, ఇవాళ ఒకటిన్నర. చమురు కూడా పలచన. వేడి ఎక్కువైతే కడవ బరువు చమురు మానేసి తేలికవి చేస్తుంది. పంపుకి తేలికవి పనికిరావు.

రోజు 4,124. 13 రోజులు.

వేడి 249. చమురు 53.

రోజు 4,125. 12 రోజులు.

వేడి 252. చమురు 51. నిల్వ 285.

మూడు డిగ్రీలు పెంచినా రెండు లీటర్లు దిగింది. దీన్ని అలసట అనరు.

ఇనుముకి పెద్ద శత్రువు గంధకం. పిసరంత చాలు. గుళిక పైన అంటుకుని కూర్చుంటుంది, మళ్ళీ లేవదు. అందుకే వాయువుని ముందు తుప్పు పెట్టెలో నుంచి పంపుతాను. కొబ్బరి పీచులో తుప్పు కలిపి తడిపి నింపిన పెట్టె అది. గంధకం వస్తే తుప్పే పట్టుకుంటుంది. సరుగుడు బొగ్గులో గంధకం దాదాపు ఉండదు కాబట్టి నెలకోసారి తుప్పు మారిస్తే సరిపోతుంది. ఈసారి మార్చి తొమ్మిది రోజులే అయింది.

పెట్టె దాటాక గొట్టానికి చిన్న గాజు బుడ్డి ఉంది. లోపల కొక్కెం. ఆ కొక్కేనికి ఉండాల్సింది ఇప్పుడు లేదు. దాని సంగతి ఇంకోరోజు.

రోజు 4,126. 11 రోజులు.

వేడి 255. చమురు 49.

ఏసుపాదం రెండుసార్లు కొలకర్ర పెట్టాడు. రెండోసారి నా దగ్గర కూర్చుని, నాతో మాట్లాడించడం కంటే కడవతో మాట్లాడించడం సులువన్నాడు. అది నిజమే.

రోజు 4,127. 10 రోజులు.

వేడి 258. చమురు 44. మిగులు సున్న.

రెండు గొట్టాలు మూసుకుపోయాయి. వేడి ఎక్కువైతే గుళికల మీద మసి పేరుకుని ఉబ్బుతాయి. ఇంక పెంచను. ఆరు రోజులుగా వేడి పెంచుతూ కడవని బాగుచేస్తున్నానని అనుకున్నాను. అంకెని బాగుచేశాను.

రోజు 4,128. 9 రోజులు.

చమురు 36. నిల్వ 282.

పొద్దున్నే తుప్పు పెట్టె విప్పాను. పైనుంచి కింద దాకా నల్లగా ఉంది. నెలకి సరిపోయే తుప్పు పన్నెండు రోజులకే నిండిపోయింది. అంటే అది దాటిన గంధకమంతా కడవలోకి వెళ్ళింది.

పిడికెడు బొగ్గు విడిగా కాల్చి వాసన చూశాను. శుభ్రంగా ఉంది. ఆవిరి నీళ్ళు వాననీళ్ళే. ఇంక మిగిలింది పొయ్యి నోరు. అక్కడికి వెళ్ళాను. పదకొండేళ్ళుగా పొయ్యికి బొగ్గు వేసేది వీరాయమ్మ. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. నేను వేళ తప్పినా ఆవిడ తప్పదు. అప్పుడే గంప ఎత్తి పొయ్యి నోట్లోకి ఒంపబోతోంది. బొగ్గుల మధ్య పసుపు గుడ్డ మూట కనిపించింది. గంప పట్టుకుని ఆపాను.

మూటలో వెంట్రుకలు. నల్లవి, నెరిసినవి, పసిపిల్లల మెత్తటివి.

ఆవిడ దాచలేదు. జ్వరం తగ్గితే పొయ్యికి తలనీలాలిస్తామని ఊరంతా మొక్కుకుందట. మందులు తెచ్చిన పడవ ఈ పొయ్యి చమురుతోనే కదా వెళ్ళిందట. నూట నలభై తలలు అయ్యాయి, ఇంకో అరవై ఉన్నాయి, రోజుకి పది చొప్పున వేస్తున్నానని చెప్పింది. అని, తలమీద కొంగు తీసి చూపించింది. ఆవిడదీ గుండే.

వెంట్రుకలో గంధకం ఉంటుందని నాకు తెలుసు. కాలిన వెంట్రుక వాసన తెలియనివాడెవడు. కానీ పొయ్యి నోరు మూసి ఉంటుంది, ఆ వాసన బయటికి రాదు, గొట్టంలోకే పోతుంది.

ఎవరు మొదలుపెట్టారని అడిగాను. వీరాయమ్మ నా వంక చూసింది.

"నీకు తెలీదేంటయ్యా. నీ పెళ్ళామే."

ఎప్పుడని అడిగాను.

"నాలుగుసార్లు పోయిందని నువ్వు అన్నం మానేసి కూర్చున్నావు చూడు, అప్పుడు. తెల్లారగట్ల వచ్చి జడ కోసి తనే బొగ్గులో పెట్టింది. ఆయనకి చెప్పకొదినా, నవ్వుతాడు అంది. రెండు మూరల జడ. నువ్వు చూస్తే కదా, నెల రోజులు తల మీద ముసుగేసుకు తిరిగింది. ఊరికే అనుకున్నావా అయిదోసారి పట్టిందని?"

అయిదోసారి పట్టడానికి కారణం వేరే. అప్పటిదాకా నాలుగుసార్లూ ఉత్త తుప్పుతో గుళికలు చేశాను. అయిదోసారి అరటి బోదెలు కాల్చిన బూడిద నీళ్ళు కలిపాను. ఆ బూడిదలో ఉండే క్షారం లేకపోతే ఇనుము చమురు చెయ్యదు. ఒక్క జడలోని గంధకాన్ని ఆ రోజు తుప్పు పెట్టె పట్టుకుని ఉంటుంది.

ఆ మాట వీరాయమ్మతో అనలేదు. నా భార్య అచ్చాయమ్మ పోయి ఆరేళ్ళయింది.

ఆ మూట వెయ్యద్దని, ఇంక ఎవరివీ వెయ్యద్దని చెప్పాను. ఎందుకని అడిగింది. చెప్పాను. ఆవిడ గంప కింద పెట్టి దాని మీదే కూర్చుండిపోయింది. నూట నలభై తలలు నా చేత్తోనే వేశానంది.

అదే రోజు, తరువాయి.

ఇది రాయకపోతే ఈ పుస్తకం అబద్ధమవుతుంది.

రోజు 4,061న వీరాయమ్మ మనవరాలు నూకరత్నం పెళ్ళి. ఊళ్ళో వెండి దొరకలేదు. పెళ్ళికూతురి కాళ్ళకి మెట్టెలు లేవు. నా దగ్గర అచ్చాయమ్మ మెట్టెల జత ఉంది. ఒకటి ఇంట్లో బట్టల పెట్టెలో దాచాను. రెండోది గాజు బుడ్డిలో కొక్కేనికి వేలాడేది. వెండి గంధకం తగిలితే నల్లబడుతుంది. తుప్పు పెట్టె దాటి పిసరు వచ్చినా ఆ మెట్టె చెప్పేస్తుంది. కడవకి అదే సాక్షి. వీరాయమ్మ మాత్రం భార్య గుర్తుగా వేలాడదీసుకున్నానని అనుకునేది. నేను కాదనలేదు.

ఆ పొద్దున్న కొక్కెం నుంచి తీసి, తోమి, జత ఇచ్చేశాను. బొగ్గు మంచిదే, పెట్టె నెలనెలా మారుస్తున్నాను, సాక్షి లేకపోతే ఏమవుతుందిలే అనుకున్నాను. అది చమురు లెక్క కాదని పుస్తకంలో ఎక్కించలేదు. మెట్టె ఉంటే మొదటి వారమే నల్లబడేది. నూట నలభైలో నూరు తలలు ఆగేవి.

రోజు 4,129. 8 రోజులు.

పొద్దున్నే పంపు షెడ్డు దగ్గరికి అందర్నీ రమ్మన్నాను. పదకొండేళ్ళలో నేను ఊరిని పిలవడం ఇదే మొదలు. నా గొంతు చివరి వరసకి వినపడలేదని తర్వాత చెప్పారు. ముందు వరస వాళ్ళు వెనక్కి అందించారు.

పొయ్యిలో వెంట్రుకలు పడ్డాయని, గుళికలు చచ్చిపోయాయని, కొత్తవి చెయ్యాలని చెప్పాను. ఎవరు వేశారో చెప్పలేదు. వీరాయమ్మ లేచి, నేనే వేశానంది. ఇచ్చినవాళ్ళు తలలు వంచుకున్నారు. కొన్ని తలల మీద ఇంకా చందనం ఉంది. అప్పుడు మెట్టె సంగతి చెప్పాను. తెలియక చేసింది వాళ్ళది, తెలిసి తీసింది నాది అన్నాను.

ఏసుపాదం తన భార్య గుండు వంక చూసి, మా ఇంట్లో కూడా ఇంత కుట్ర జరిగిందా, జ్వరానికి తీయించావనుకున్నానే అన్నాడు. ఆవిడ, నీ జ్వరానికే మొక్కాను, తగ్గకపోయినా బాగుండేది అంది. కొంచెం నవ్వారు. ఆ తర్వాత వాడు నవ్వలేదు.

"బాబాయ్, పోటుకి ఎనిమిది రోజులు పెట్టుకుని కడవ సల్లారబెడతానంటావేంటి. నిన్న ముప్పైయ్యారు ఇచ్చింది కదా. ఉన్నకాడికి పిండుకుందాం. పోటు దాటాక నీ ఇష్టం."

నేల మీద బొగ్గుతో రాసి చూపించాను. చచ్చే కడవ ఇవాళ 28, రేపు 20, ఎల్లుండి 12, తర్వాత మూత. పడవలు ఆపి, పంపు ఆపి, నీళ్ళు ఏతాలతో తోడుకున్నా, యంత్రానికి ముప్పై పోను పోటు నాటికి నిల్వ 312. కావలసింది 432. నూట ఇరవై తక్కువ. అంటే ఇరవై గంటలు పంపు ఆగుతుంది. ఇప్పుడే ఆపి కొత్త గుళికలు నింపితే ఏడో రోజుకి మళ్ళీ చమురు వస్తుంది. పోటు మూడు రోజులూ కడవ ఒకవైపు చేస్తూ ఉంటుంది, పంపు ఒకవైపు తాగుతూ ఉంటుంది. చివరికి పది లీటర్లు మిగులుతాయి.

"పదా? బక్కెట్టుడు చమురు మీద ఊరిని నిలబెడతావా?"

నిలబెడతానన్నాను.

"కొత్తది పట్టకపోతే?"

"పడుతుంది."

"అంత గట్టిగా ఎలా చెప్తున్నావు?"

నాలుగుసార్లు ఎందుకు పోయిందో నాకు తెలుసన్నాను. వాడు నేలమీది అంకెలు మళ్ళీ కూడుకున్నాడు. ఐదో గట్టు పంపు ఎన్ని గంటలు ఆగిందో తెలుసా అని అడిగాడు. తెలియదన్నాను. రెండు గంటలట. తర్వాత కొలకర్ర భుజాన వేసుకుని, ఏతాలు ఎక్కడున్నాయో తీయండర్రా అన్నాడు.

పది గంటలకి కడవ కింద మంట తీశాను.

రోజు 4,130. 7 రోజులు.

చమురు లేదు. ఈ మాట ఈ పుస్తకంలో మొదటిసారి.

కడవ విప్పి గొట్టాలు దులుపుతున్నాం. మసి ఇటికల్లా గట్టిపడింది. ఇనుప కడ్డీతో కొట్టి రాలుస్తున్నాం. ఊళ్ళో ఇంటికి ఇద్దరు చొప్పున వంతులేసుకుని ఏతాలు తొక్కుతున్నారు. పొయ్యి దాకా వాళ్ళ పాట వినిపిస్తోంది. పాటలో నా పేరు కూడా వస్తోంది. ఏమని వస్తోందో అడగలేదు.

తుప్పు డెబ్బై కిలోలు పోగయింది. మునిగిన వంతెన రేకులు గీకి తెచ్చారు. సముద్రపు తుప్పులో ఉప్పుంటుంది. ఉప్పు కూడా గుళికకి పడదు. ఏడు వాననీళ్ళకి కడగాలి. కడిగి, తిరగళ్ళలో మెత్తగా విసరాలి.

రోజు 4,131. 6 రోజులు.

ఏడో నీరు నాలుక మీద వేసి చూశాను. ఉప్పు లేదు.

ఊక బూడిద జిగురు కోసం, అరటి బూడిద తేరిన నీరు క్షారం కోసం. కలిపి పిసికితే జంతికల పిండిలా వస్తుంది. నేను గుళికలు చేసేది జంతికల గొట్టంతోనే. మొదటిసారి అచ్చాయమ్మ గొట్టం ఒక్కటే ఉండేది, నలభై రోజులు పట్టింది. ఇప్పుడు నలభై రోజులు లేవు. ఇంటింటా ఉన్న గొట్టాలు తెమ్మన్నాను. ముప్పై ఒకటి వచ్చాయి. ఇత్తడివి, చెక్కవి, ఒకటి పాత పంపు పిస్టనుతో చేసింది.

ముప్పై ఒక్క మంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని వత్తారు. ఎర్రటి తీగలు చాపల నిండా పడ్డాయి. వీరాయమ్మ దూరంగా నిలబడింది, రాలేదు. ఆవిడ చేతులు ఇందులో పెట్టకూడదనుకుందట. నూకరత్నం వెళ్ళి గొట్టం చేతిలో పెట్టి లాక్కొచ్చింది.

ఉప్పు చూసేదెవరని ఎవరో అడిగారు. పళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళు చూసుకోవచ్చని వీరాయమ్మ అంది. రెండు రోజుల్లో ఆవిడ మాట్లాడిన మొదటి మాట అది.

తర్వాత నా దగ్గరికి వచ్చింది.

"ఇంకా అరవై మంది మొక్కులున్నాయి కదయ్యా. పసిపిల్లల తల్లులు. వాళ్ళకి నేనేం సెప్పను? పొయ్యికి మీ మొక్కు అక్కర్లేదంట అనా?"

ఆలోచించాను. పొయ్యికి అక్కర్లేదని చెప్పడం సులువే. ఆ తల్లుల పిల్లలు బతికారు.

"అరటి బూడిద తెమ్మను," అన్నాను. "తలకి ఒక దోసెడు. పొయ్యిలో కాదు, నా దగ్గర పొయ్యమను. కడవ నిజంగా తినేది అదే."

"మొదట్నుంచీ అదే తింటోందా?"

"మొదట్నుంచీ."

ఆవిడ ఇంకేదో అడగబోయి మానేసింది. అడిగి ఉంటే చెప్పేవాణ్ణో లేదో తెలియదు.

రోజు 4,132. 5 రోజులు.

వాన. గుళికలు పొయ్యి గోడ మీది ఇటికల వేడికి ఆరబెట్టాం. ఊరిన నీళ్ళు వీధి అంచు దాకా వచ్చాయి. ఏతాలు రెండు పెంచారు.

రోజు 4,133. 4 రోజులు.

గుళికలు కాల్చి, విరిచి, గొట్టాల్లో నింపాం. నలభై ఎనిమిదికి నలభై ఆరు. మూసుకుపోయిన రెండూ తెరుచుకోలేదు. కొత్త తుప్పు పెట్టె కట్టాను.

గాజు బుడ్డి ఖాళీ. సాక్షి లేకుండా కొత్త గుళికల మీదికి వాయువు వదలను. పొయ్యి గోడల్లో పాత గంధకం ఎంత ఉందో తెలియదు. ఊళ్ళో ఉన్న వెండి అంతా ఆడవాళ్ళ కాళ్ళకే ఉంది. భర్త ఉండగా మెట్టె తీయరు. అడగడానికి నాకు నోరు రాలేదు.

నూకరత్నమే వచ్చింది. ఎవరు చెప్పారో తెలియదు. నీళ్ళ పీపా మీద కూర్చుని కుడికాలు చాపింది.

"తాతా, మెట్టె తియ్యను. మా అమ్మమ్మ ఒప్పుకోదు, మా ఆయన ఒప్పుకోడు. కాలితో పాటు వాడుకో."

గాజు బుడ్డి దగ్గర చిన్న కుళాయి ఉంది. దానికి సన్న గొట్టం తగిలించి, ఆ అమ్మాయి పాదానికి తడిగుడ్డ సంచి కట్టి, గొట్టం కొస అందులో పెట్టాను. ఇది మనిషిని చంపే వాయువు కాబట్టి బయట గాలికి ఎదురుగా కూర్చోబెట్టి, మొహం పక్కకి తిప్పుకోమన్నాను. అయిదు నిమిషాలు. ఏసుపాదం దారిన పోతూ ఆగి, పెద్ద ఆఫీసరమ్మలా కూర్చున్నావే, కాలికి జీతమెంత అన్నాడు. నీ కొలకర్ర జీతం కంటే ఎక్కువేలే మావయ్యా అంది.

సంచి విప్పాను. మెట్టె లేత గోధుమరంగు తిరిగింది. పొయ్యిలో ఇంకా ఉంది. వాయువుని కడవలోకి పోనివ్వకుండా బయటే మండించి పారేశాను. సాయంత్రం మెట్టెని బూడిదతో తోమించి మళ్ళీ కట్టాను. తెల్లగా ఉంది.

రోజు 4,134. 3 రోజులు.

పొద్దున్న మెట్టె తెల్లగా ఉంది. కడవలోకి వాయువు వదిలాను. కొత్త గుళికలు మొదటి రెండు రోజులు వాయువు తింటాయి, చమురు ఇవ్వవు. తుప్పు నల్లబడి ఇనుముగా మారాలి. నిల్వ 272.

రోజు 4,135. 2 రోజులు.

మెట్టె తెల్లగా ఉంది. చమురు లేదు. నిల్వ 262.

ఇవాళ చాలామంది కడవ దగ్గరికి వచ్చి ఏమీ అడగకుండా వెళ్ళారు. పలకరింపుగా ఉండాలని నేను కూడా ఏమీ అనలేదు.

రోజు 4,136. 1 రోజు.

మెట్టె తెల్లగా ఉంది. వేడి 236.

ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకి కుళాయి కొసకి నీళ్ళు వచ్చాయి. తొమ్మిదిన్నరకి ఆ నీళ్ళ మీద రంగుల పొర. పదికి చుక్క. ఏసుపాదం వేలితో అద్ది వాసన చూసి, ప్యాంటుకి తుడుచుకుని, గబగబా పంపు షెడ్డుకి వెళ్ళిపోయాడు.

రోజంతటికీ 38. నిల్వ 290.

రోజు 4,137. పోటు.

చమురు 55. యంత్రానికి 10, పంపుకి 144. నిల్వ 191.

మెట్టె తెల్లగా ఉంది. గాలికి నూకరత్నాన్ని ఇద్దరు పట్టుకుని కూర్చున్నారు. గట్టు అంచుకి సముద్రం జానెడు తక్కువలో ఉంది.

రోజు 4,138. పోటు.

చమురు 62. నిల్వ 99.

వీధిలో చీలమండ దాకా నీరు. పెరగలేదు.

రోజు 4,139. పోటు.

చమురు 66. నిల్వ 11.

మధ్యాహ్నానికి సముద్రం గట్టు మీది రెండో గుర్తుకి దిగింది. వీధులు కనిపిస్తున్నాయి. ఏసుపాదం పంపు ఆపి వచ్చి కొలకర్ర ముంచాడు. కర్ర కొస మాత్రం తడిసింది. పది అన్నావు, పదకొండుంది, లెక్క తప్పావు బాబాయ్ అన్నాడు. తడి కర్రని మురిపెంగా తుడుచుకుని, ఇంటికెళ్ళి పడుకున్నాడు.

రోజు 4,140.

బొగ్గు 150. వేడి 238. చమురు 67. మెట్టె తెల్లగా ఉంది.

పొద్దున్న నేను వచ్చేసరికి కడవ గది గుమ్మం ముందు బూడిద కుప్పలు వరసగా ఉన్నాయి. అరటాకుల్లో పోసినవి, కొబ్బరి చిప్పల్లో పోసినవి. అరవై రెండు. జల్లించి డ్రమ్ములో పోశాను. వచ్చే రెండేళ్ళ గుళికలకి సరిపోతుంది. అన్నిటికంటే పెద్ద కుప్ప చివర ఉంది. వీరాయమ్మదని చెప్పక్కర్లేదు.

నూకరత్నం ఇక నుంచి రోజూ ఉదయం ఎనిమిదికి వస్తుంది. లెక్కలో తనకొక గడి గీశాను.

తర్వాత మొదటి పుస్తకం తీశాను. మొదటి పేజీలో నా రాత ఇప్పటికంటే పెద్దగా ఉంది. రోజు 1. వేసినవి: సరుగుడు బొగ్గు 90 కిలోలు, ఆవిరి నీరు 70 లీటర్లు, గుళికలు 58 కిలోలు, వాటిలో అరటి బూడిద నీరు 6 లీటర్లు. వచ్చినది: చమురు, అర గ్లాసు.

వేసినవన్నీ అందులో లేవు. ఇవాళ ఆ వరస కింద ఖాళీలో చేర్చాను.

జడ, ఒకటి. రెండు మూరలు.